అంకమ్మ గుడి దగ్గర ఆగే అంబాసిడర్

బాపట్ల కొత్త జిల్లా అయిన మరుసటి వేసవిలో నన్ను తెనాలి నుంచి అక్కడి రవాణా కార్యాలయానికి మోటారు వాహనాల తనిఖీ అధికారిగా వేశారు. ఉత్తర్వు మీద హోదా అంత పొడుగ్గా ఉంటుంది గానీ మా వైపు జనం నోట ఆ ఉద్యోగి బ్రేకిన్‌స్పెక్టరు. లైట్లు, టైర్లు, పొగ, ఛాసిస్ నంబరు, డ్రైవింగు పరీక్షలు అన్నీ మేమే చూస్తాం. పేరు మాత్రం బ్రేకులకే అంటుకుపోయింది. ఇల్లు తెనాలిలోనే ఉంచుకుని పొద్దున రైలెక్కి వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేవాణ్ణి. రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉంది కాబట్టి కొత్త తలనొప్పులేవీ తెచ్చుకోకూడదని గట్టిగా అనుకున్నాను. అనుకున్న వారంలోనే శేషాచార్యులు గారు తన అంబాసిడర్‌తో ఆఫీసు ఆవరణలోకి వచ్చారు.

ఈ పని తెలియని వారి కోసం ఒక మాట. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్లకు ఇస్తారు. గడువు తీరేలోగా, బండి ఇంకా రోడ్డు మీద తిరగదగినదేనని మా శాఖ అధికారి కళ్లారా చూసి సంతకం చేస్తే మరో ఐదేళ్లు పొడిగిస్తారు. మళ్లీ ఐదేళ్లకు మళ్లీ చూడాలి. సంతకం పడకపోతే బండి ఇంట్లో బొమ్మే. పాత బండ్లను చూడటంలో నాకొక వరస ఉండేది. ముందు ఛాసిస్ నంబరు, తరువాత స్టీరింగు, బ్రేకులు, లైట్లు, ఆఖరున కిందికి వంగి అడుగుభాగం. ఈ కారు విషయంలో ఆ వరస తప్పింది. ఆయన తలుపు తీసుకుని దిగకముందే గుప్పున పెట్రోలు వాసన కొట్టింది.

శేషాచార్యులు గారిది రేపల్లె. ఆ చుట్టుపక్కల మండలాల్లో పెళ్లిళ్లు చేయించే పురోహితులు. అరవై దాటిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి మోటారుసైకిల్ ఎక్కలేరు, బస్సు మెట్లూ ఎక్కలేరు. వాళ్ల నాన్నగారి నాటి తెల్ల అంబాసిడరే ఆయనకు కాళ్లు. నుదుట నిలువు నామం, భుజాన ఉత్తరీయం, చేతిలో కారు తాళంచెవి. కారు ముందు అద్దానికి కూడా ఒక నామం ఉండేది. అద్దం మీద చూపుకు అడ్డం వచ్చేవేవీ ఉండకూడదని చెప్పాను. అది చూపు కోసమే పెట్టానన్నారు.

నేను బండి కిందికి వంగాను. అంబాసిడర్‌లో పెట్రోలు ట్యాంకు వెనక డిక్కీ అడుగున ఉంటుంది. ట్యాంకు అడుగంతా తుప్పు పట్టి, కారుతున్న చోటల్లా పచ్చగా ఏదో మెత్తి ఉంది.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"సబ్బండి. బట్టలుతికేది."

"కారుకి స్నానమా?"

"వైద్యమండి. మా మెకానిక్ చెప్పాడు."

పెట్రోలు కారే చోట బట్టల సబ్బు రుద్దితే కాసేపు ఆగుతుందన్నది రోడ్డు మీద తిరిగేవాళ్లందరికీ తెలిసిన చిట్కా. దారిలో చిక్కుకుపోయినవాడు ఇల్లు చేరడానికి పనికొస్తుంది. ఈయన దాన్ని నిత్యకర్మ చేసుకున్నారు. పొద్దున్నే సంధ్యావందనం, తరువాత ట్యాంకుకు సబ్బు. గడువు తీరడానికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఆలోగా ట్యాంకు బాగుచేయించి గానీ మార్చి గానీ తీసుకురమ్మని చెప్పి బండిని తిప్పి పంపబోయాను.

ఆయన కదల్లేదు. కారుకు ఇంకో అలవాటు కూడా ఉంది, అది కూడా లోపం కిందికి వస్తుందా అని అడిగారు. చెరుకుపల్లి దాటి బాపట్ల వైపు వస్తుంటే ఒక కాలువ వంతెన ఉంది. వంతెన దిగగానే అంకమ్మ తల్లి గుడి. రేపల్లెలో బయలుదేరిన కారు ప్రతిసారీ ఆ గుడి ముందుకు రాగానే ఆగిపోతుంది. గుడి చూసుకునే వీరమ్మ కొబ్బరికాయ తెస్తుంది. కాయ కొట్టి, హారతి తీసుకుని, కాస్సేపు అరుగు మీద కూర్చుంటే కారు మళ్లీ స్టార్టవుతుంది. ఊరంతా దాన్ని అమ్మవారి మహిమ కింద జమకట్టింది. పెళ్లికి వెళ్లే అయ్యగారిని అమ్మ ఆపి, దీవించి పంపుతోందన్న పేరు రావడంతో, మంత్రాల కోసం కాక కారు కోసం ఈయన్ను పిలిచేవాళ్లు కూడా తయారయ్యారు.

నాకు నవ్వొచ్చింది. ట్యాంకు లోపల రాలిన తుప్పు పెట్రోలును పీల్చే గొట్టం మూతి దగ్గర పేరుకుని దారి మూసేస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే అందదు. బండి ఆగితే పీల్చడం కూడా ఆగుతుంది కాబట్టి తుప్పు మళ్లీ అడుగుకు జారి దారి తెరుచుకుంటుంది. కొబ్బరికాయ కొట్టినా, కొట్టకపోయినా అంతే. ఇదంతా చెప్పి, మరి ఇంకెక్కడా ఆగదా అని అడిగాను. ఆగుతుందన్నారు. కర్లపాలెం దగ్గర ఒకసారి, రైలు గేటు దగ్గర ఒకసారి. అక్కడ గుళ్లు లేవు కాబట్టి ఆ ఆగడాలను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

"మీరు చెప్పింది కారు ఎలా ఆగిందనండి," అన్నారు ఆయన, అంతా శ్రద్ధగా విని. "ఎవరు ఆపారన్నది వేరే ప్రశ్న."

తర్కం చదువుకున్న మనిషితో ఎండలో నిలబడి వాదించే ఓపిక నాకు లేకపోయింది. పైగా ఆయన అసలు బాధ మహిమ గురించి కాదు. కిందటి మాఘంలో ఒక పెళ్లికి వెళ్తుంటే కారు గుడి దగ్గర ఆగి, కాయ కొట్టినా, కూర్చున్నా కదల్లేదు. ఆటో దొరికించుకుని చేరేసరికి జీలకర్ర–బెల్లం వేళ దాటిపోయింది. పెళ్లివారు ఆ ఊళ్లోనే ఉన్న ఇంకో పురోహితుణ్ణి లాక్కొచ్చి తంతు నడిపించేశారు. మన పెళ్లిళ్లలో భోజనాలు ఆలస్యమైతే సర్దుకుంటారు, పెళ్లికొడుకు అలిగితే బతిమాలుకుంటారు. ముహూర్తం తప్పించిన పురోహితుణ్ణి మాత్రం క్షమించరు. కారును మెచ్చుకున్న నోళ్లే, ఆ అయ్యగారిని నమ్ముకుంటే పిల్ల పీటల మీదే ఉండిపోతుందని అనడం మొదలుపెట్టాయి. పిలుపులు బాగా తగ్గిపోయాయి.

మిగిలిన వాటిలో పెద్దది నిజాంపట్నం వైపు పడవల యజమాని నాగేశ్వరరావు గారి అమ్మాయి పెళ్లి. బాపట్లలో కల్యాణ మండపం. బంధువులంతా వద్దంటున్నా, తన తండ్రి పెళ్లి ఆచార్యులు గారి నాన్నగారే చేయించారన్న ఒక్క మాట మీద నాగేశ్వరరావు గారు ఈయన్నే పెట్టుకున్నారు. "ఇది కూడా తప్పితే ఇక పంచాంగం అటకెక్కించడమేనండి," అన్నారు ఆచార్యులు గారు. ఆయన మామూలు గొంతుతోనే అన్నారు. నాకే మనసు చివుక్కుమంది.

ఫలానా షెడ్డుకు వెళ్లమని చెప్పడం మా శాఖలో తప్పు. ఏం చేయించాలో చెప్పడం తప్పు కాదు. ట్యాంకు దించి, పెట్రోలు తీసేసి, నిండా నీళ్లు పోసి కడిగాకే నిప్పు దగ్గరికి తీసుకెళ్లనివ్వమని చెప్పాను. పెట్రోలు నిండా ఉన్న ట్యాంకు కన్నా ఖాళీ చేసిన ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే అంటుకునేది లోపల మిగిలిన ఆవిరి. ఈ ఒక్క సంగతి తెలియక ఒళ్లు కాల్చుకున్న వెల్డర్లను నా సర్వీసులో చూశాను.

రేపల్లెలో ఆయన మెకానిక్ ముందు మరమ్మతుకే పూనుకున్నాడు. ట్యాంకులో సన్న కంకర పోసి, మూత బిగించి, ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని ఊయల ఊపినట్టు ఊపారట. కంకర రాపిడికి తుప్పు రాలుతుంది, అది సరైన పద్ధతే. తుప్పంతా రాలింది. దాంతో పాటే ట్యాంకు అడుగూ రాలింది. అన్నాళ్లూ పెట్రోలును పట్టి ఉంచింది రేకు కాదు, తుప్పేనని తేలింది. ఆచార్యులు గారు ట్యాంకును ఎండకెత్తి పట్టించి, మూతి లోంచి ఫోటో తీసి నాకు పంపారు. చీకట్లో చుక్కలు చుక్కలుగా వెలుగు. కింద "అరుంధతి కూడా కనిపిస్తోందండి" అని రాశారు.

పాత ఇనుప సామాన్లలో దొరికిన అంబాసిడర్ ట్యాంకులు దీనికన్నా ముసలివి. ఆఖరికి తెనాలిలో రేకుపని చేసే ఒకరి దగ్గర కొత్తది చేయించారు. అదే కొలత, అదే ఆకారం, పట్టే పెట్రోలు కూడా అంతే ఉంటేనే ఒప్పుకుంటానని ముందే చెప్పాను. షెడ్డులో దాన్ని నీళ్లలో ముంచి, గాలి కొట్టి, ఎక్కడా బుడగ రాలేదని చూసుకున్నారు. అప్పుడు ఆచార్యులు గారు దాన్ని రేపల్లె ప్యాసింజర్‌లో పక్కన కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు. రైల్లో వాళ్లు అదేంటని అడిగితే, అంకమ్మ తల్లి కారుకి కొత్త పొట్ట అని చెప్పారట. రెండు మూడు రోజులు అది వాళ్ల నట్టింట్లోనే ఉంది. పెళ్లికి ముందురోజు మెకానిక్ వచ్చి పట్టుకెళ్లి, కారుకు బిగించి తెచ్చాడు.

పెళ్లి ఆదివారం. ఆ రోజే నాకు రేపల్లెలో పని పడింది. ప్రమాదం జరిగిన లారీని పోలీసుల కోసం పరిశీలించడం కూడా మా విధుల్లో ఒకటి. నాగేశ్వరరావు గారి చేపల వ్యాన్లు ఫిట్‌నెస్ కోసం మా ఆఫీసుకే వచ్చేవి కాబట్టి నాకూ శుభలేఖ అందింది. లారీ పని అవగానే ఖాకీ బట్టల్లోనే ఆచార్యులు గారి ఇంటికి వెళ్లాను. ఎటూ బాపట్లకే కదా, కారులో రమ్మన్నారు. దరఖాస్తుదారు బండిలో అధికారి ఎక్కకూడదన్న నియమమేదీ నాకు తెలిసి లేదు. ఉంటే బాగుండునని తరువాత అనిపించింది.

ఎక్కబోయే ముందు వంగి చూశాను. కొత్త రేకు నిగనిగలాడుతోంది. అతుకులన్నీ పొడిగా ఉన్నాయి. ఇరుగుపొరుగు చేరి, ఇవాళైనా గుడి దగ్గర ఆగకుండా వెళ్తుందా అని అడిగారు. వెళ్తుందన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోకుండా, ఈ కారు ఇవాళ అంకమ్మ గుడి ముందు ఆగితే నేను బ్రేకిన్‌స్పెక్టర్నే కాదన్నాను. ఆ మాట నాకన్నా ముందు ఫోన్లో వంతెన దగ్గరికి చేరింది.

చెరుకుపల్లి దాకా కారు పెళ్లికూతురిలా నడిచింది. వంతెన సగం ఎక్కాక ఒకసారి దగ్గింది. పైకి చేరాక ఇంకోసారి. అవతలి వైపు ఇంజను చచ్చిపోయి, వాలున జారుకుంటూ వచ్చి, గుడి ఎదురుగా కొలిచి పెట్టినట్టు నిలబడింది.

ఎప్పుడూ ఉండే నలుగురు కాక ఆ రోజు ఊరు సగం అక్కడే ఉంది. వీరమ్మ కొబ్బరికాయతో ముందుకొచ్చింది. "ట్యాంకు కొత్తదైతే మాత్రం అమ్మకి కారు ఆనవాలు తెలీదా బాబూ," అంది జాలిగా.

వెనక నుంచి ఒక పెద్దాయన చాలా మర్యాదగా అడిగారు. "మరి ఇప్పుడు తమరు ఏం ఉద్యోగం చేస్తున్నారండీ?"

ఇంతలో ఆచార్యులు గారి ఫోను మోగింది. పెళ్లికూతురి తండ్రి. బయలుదేరారా అని అడిగారు. బయలుదేరామన్నారు. ఎక్కడున్నారంటే, "అమ్మవారి సన్నిధిలోనండి," అన్నారు. ఏ గుడో ఆయన అడగలేదు. మాఘంలో జరిగింది ఆ కుటుంబానికీ తెలుసు.

ఆచార్యులు గారు ఫోను పెట్టేయలేదు. ముహూర్తానికి ముందు జరగాల్సిన తంతు చాలా ఉంటుంది. స్పీకరు పెట్టి ఫోను పీటల దగ్గర ఉంచమని, తానే గుడి అరుగు మీద కూర్చుని మొదలుపెట్టారు. ఇక్కడ ఈయన ఆచమనం చేయండి అంటే అక్కడ బాపట్లలో నాగేశ్వరరావు గారి దంపతులు నీళ్లు పుచ్చుకుంటున్నారు. సంకల్పంలో ఏ చోట కర్మ జరుగుతోందో చెప్పాలి. చెప్పేవాడు వంతెన దగ్గర, చేసేవాడు మండపంలో. ఒక్క క్షణం ఆగి ఆలోచించి, చేసేవాడు ఉన్న చోటే చోటు అని తేల్చుకుని సాగిపోయారు. అంత కంగారులో కూడా ఆయన శాస్త్రం తప్పలేదు.

నేను బానెట్ ఎత్తాను. లక్షణం చూస్తే గొట్టం మూసుకుపోయినట్టే ఉంది. కొత్త ట్యాంకులో తుప్పెక్కడిదో నాకు అంతుబట్టలేదు, కానీ చేయాల్సింది ఒకటే. ఇంజను దగ్గర పెట్రోలు గొట్టం ఊడదీసి, అటునుంచి ట్యాంకులోకి గాలి కొడితే, మూతి దగ్గర అడ్డుపడింది వెనక్కి పోతుంది. గుడి పక్కనే పంక్చర్ల షాపు. అక్కడి సైకిల్ పంపు తెచ్చి, గొట్టానికి తడిగుడ్డ చుట్టి కొట్టసాగాను. ఖాకీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. బ్రేకిన్‌స్పెక్టరు కారుకి గాలి కొడుతున్నాడని ఎవరో ఫోన్లో ఎవరికో చెప్పడం వినిపించింది.

వీరమ్మ మాత్రం కాయ కొట్టనిదే కదలదని ఒకటే పోరు. ఆచార్యులు గారు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "కొట్టమంటారా?" అని నన్ను అడిగారు. ఒక వైష్ణవుడు అంకమ్మకు కాయ కొట్టడానికి ప్రభుత్వోద్యోగి అనుమతి అడగడం ఆ గుడి పుట్టాక అదే మొదటిసారి అయి ఉంటుంది. కొట్టండి అన్నాను. ఆ క్షణాన ఆ కారు కదలడానికి ఎవరు ఏం చేసినా నాకు అభ్యంతరం లేదు. ఆయన పేరు నిలబడాలి, అంతే.

ట్యాంకులో బుడబుడమని చప్పుడైంది. ఇటు కాయ పగిలింది. గొట్టం బిగించి స్టార్టరు లాగితే ఇంజను అందుకుంది. ఆ గెలుపు జనం ఎవరి ఖాతాలో వేశారో చెప్పనక్కర్లేదు.

మిగతా దారంతా ఆయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకుంటానంటే వద్దని, నేనే నడిపాను. ఆయన పక్కన కూర్చుని ఫోన్లోకి మంత్రాలు చదివారు. కర్లపాలెం దగ్గర ఇంజను ఒకసారి దగ్గింది. మంత్రం ఆగింది. ఇంజను సర్దుకున్నాక మంత్రమూ సర్దుకుంది. మండపం ముందు పడవ పనివాళ్లు నలుగురు కాచుకుని ఉన్నారు. ఆ మోకాళ్లతో మెట్లెక్కేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని, ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి వలలాగినట్టు ఒక్క ఊపున పైకి ఎత్తుకుపోయారు. పీటల మధ్య తెర పట్టుకుని ఉన్నారు. జీలకర్ర–బెల్లం సరిగ్గా వేళకు పడింది. నేను గోడవార నిలబడి, గ్రీజు చేతులతో అక్షతలు వేశాను. నాకు చాలా సంతోషం కలిగింది.

భోజనాలయ్యాక మండపం వెనక పడవ ఇంజన్ల మెకానిక్‌ను పిలిచి ట్యాంకు ఖాళీ చేయించాం. పెట్రోలు గుడ్డలో వడకడితే పసుపుపచ్చని బియ్యపు గింజలు మిగిలాయి. గుప్పెడు ఉన్నాయి. నాకు వెంటనే గిట్టనివాళ్ల పని అనిపించింది. మాఘంలో ఈయన బదులు తంతు నడిపిన పురోహితుడి ఊరేదని కూడా అడిగాను. ఆచార్యులు గారు ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపి చూశారు. "ఇవి మా ఇంటి అక్షతలండి," అని భార్యకు ఫోను చేశారు.

ఆండాళమ్మ గారు దాచిపెట్టిందేమీ లేదు. "తెనాలి నుంచి తెచ్చి నట్టింట్లో పెట్టారు. మెకానిక్ వచ్చి తీసుకుపోతానన్నాడు. ఖాళీ పాత్ర గడప దాటించమంటారేంటి? గుప్పెడు అక్షతలు వేసి పంపించాను," అన్నారు. తరువాత కాస్త తగ్గి, "తప్పా?" అని అడిగారు.

మన ఇళ్లలో పొరుగింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు కూడా ఖాళీగా ఇవ్వరు. ఏమీ లేకపోతే ఇంత పంచదారో, నాలుగు గింజలో వేసి ఇస్తారు. ఆవిడ కంటికి పెట్రోలు ట్యాంకు మూత ఉన్న పెద్ద పాత్ర. షెడ్డులో దాన్ని అతుకుల కోసం చూశారు. మెకానిక్ కొలత కోసం చూశాడు. నేను కారడం కోసం చూశాను. లోపల చూసింది ఆవిడ ఒక్కరే.

ఆచార్యులు గారు ఫోను పక్కకు పెట్టి, శాస్త్రం ప్రకారం తప్పేమీ లేదు, మోటారు వాహనాల చట్టం ఏమంటుందని నన్ను అడిగారు. ఆలోచించాను. ఆ చట్టంలో అక్షతల ప్రస్తావన లేదు.

ట్యాంకు కడిగి బిగించాక బండిని మళ్లీ ఆఫీసుకు తెచ్చారు. వరస ప్రకారం అన్నీ చూసి సంతకం చేశాను. నామాన్ని అద్దం మూలకు జరిపించాను. ఆ వేసవి ముగిసేలోగా ఆయనకు పిలుపులు తిరిగి వచ్చాయి. ఒకరోజు స్టేషను దగ్గర కనపడి, కారు ఇప్పుడు వంతెన ఎక్కి దిగి ఆగకుండా పోతోందని చెప్పారు. దాంతో వీరమ్మ మాట్లాడటం మానేసిందట. అమ్మ దీవించని కారు ఎందుకని పెళ్లివాళ్లు కూడా గునిశారట. "అందుకని ఇప్పుడు నేనే బ్రేకు వేసి ఆపుతున్నానండి. కాయ కొట్టి, వెంటనే బయలుదేరుతున్నా. ఆగడం అమ్మ కోసం, కదలడం నా చేతిలో," అన్నారు. అందులో నేను తప్పు పట్టగలిగింది ఏమీ లేదు.

ఆ తరువాత సర్వీసు ముగిసేదాకా, కొత్త ట్యాంకుతో ఏ పాత బండి వచ్చినా రెండు పనులు చేసేవాణ్ణి. మూత తీసి టార్చి వేసి లోపల చూడటం ఒకటి. షెడ్డు నుంచి బండికి చేరేలోగా ఇది ఎవరింట్లో ఉందని అడగడం రెండోది. మొదటిది నాకు శిక్షణలో నేర్పారు. రెండోది ఎవరూ నేర్పలేదు. ఒక బండి ఓనరు ఆ ప్రశ్నకు నవ్వి, రెండు రోజులు మా అత్తగారింట్లో ఉందండి, అయితే ఏంటి అన్నాడు. ట్యాంకులోంచి బెల్లంగడ్డ తీసి అతని చేతిలో పెట్టాను.